వెల్మా గుమ్మడికాయ ఎటు చూస్తోంది

అక్టోబరు వచ్చిందంటే వెల్మా హోస్టెట్లర్ పొద్దున్నే లేచి చేసే మొదటి పని వరండాలోని గుమ్మడికాయని వెనక్కి తిప్పడం. ఒక చేతిలో కాఫీ కప్పు, కాళ్ళకి చనిపోయిన మొగుడి రబ్బరు బూట్లు. వంగి, తొడిమ పట్టుకుని, కాయని చర్చి గోపురంవైపు తిప్పి లోపలికి పోయేది. మధ్యాహ్నం పోస్టుమాను వచ్చేసరికి అది మళ్ళీ ఎదురింటివైపు తిరిగి ఉండేది.

మా ఊరు హార్లన్ మిల్స్‌లో గుమ్మడికాయలకి ఆ అలవాటుంది. తీగ నుంచి కోసి గుమ్మంలో పెట్టాక, ఇంటివాళ్ళకి ఎవరిమీద కుళ్ళు ఉంటే వాళ్ళవైపు మెల్లిగా తిరుగుతాయి. పొలంలో కోసినా అంతే, సూపర్ మార్కెట్లో కొన్నా అంతే. హార్డ్‌వేర్ కొట్టు వాల్ట్ గుమ్మడికాయ ఆరేళ్ళు తమ్ముడి కొత్త ట్రక్కువైపు చూసింది. తమ్ముడు ట్రక్కు అమ్మేశాక తమ్ముడి కొత్త పడవవైపు చూసింది. గుమ్మడికాయ దిష్టి తీస్తుందని ఎక్కడో విన్నాను. మా ఊళ్ళో అది దిష్టి పెడుతుంది.

చాలామంది కాయకి అటూ ఇటూ ఇటుకలు పెట్టి సర్దుకుంటారు. వెల్మా పెట్టదు. ఇటుక పెడితే గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టే కదా అని ఆమె వాదన.

ఇంకో సంగతి, వెల్మా గుమ్మడికాయకి ముఖం ఉండదు. నున్నటి కాయ, పక్కన రెండు కట్టల మొక్కజొన్న దంట్లు, అంతే. "ముఖం చెక్కితే దయ్యాల పండుగ హాలోవీన్, చెక్కకపోతే పంటల పండుగ" అంటుంది. మా చర్చిలో సగంమంది సిద్ధాంతం అదే. కానీ ముఖం లేకపోతేనేం, తొడిమ ఉందిగా. వంకర తిరిగిన ఆ తొడిమ ముక్కులా పొడుచుకొచ్చి, కాయ ఎటు చూస్తోందో దారిన పోయే ప్రతివాళ్ళకీ చెప్పేసేది.

అది చూసేది డొరీన్ కప్ ఇంటివైపు.

డొరీన్ ముప్ఫై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. తొమ్మిదో నంబరు బస్సు. ఊళ్ళో నలభై ఏళ్ళలోపు వాళ్ళు ఎవరు కనిపించినా పేరు చెబుతుంది, ఏ స్టాపులో ఎక్కేవారో చెబుతుంది, బస్సులో ఎన్నిసార్లు వాంతి చేసుకున్నారో కూడా అడక్కుండానే చెబుతుంది. పెళ్ళి చేసుకోలేదు. అక్టోబరు చివరి వారంలో తన వరండా మెట్లమీద ముప్ఫై గుమ్మడికాయలు చెక్కి పెడుతుంది. హాలోవీన్ సాయంత్రం ఆరింటికి ఫైర్ స్టేషన్ సైరన్ మోగుతుంది. అది మోగగానే ఊరి పిల్లలంతా వేషాలతో ముందు పరిగెత్తేది అక్కడికే. "పెడతారా, పేచీ పెట్టమంటారా!" అని మిఠాయి కోసం అరుస్తారు. డొరీన్ పెట్టేది చిన్న బిళ్ళలు కాదు, ఒక్కొక్కరికీ ఒక నిండు చాక్లెట్ బారు.

ఇంత చేసి, ఆదివారం పొద్దున్న చర్చిలో వెల్మా పక్కనే నిలబడి పాడుతుంది. సిగ్గు లేకుండా, శ్రుతి తప్పకుండా. ఈ రెండింటిలో ఏది ఎక్కువ బాధో వెల్మాకి తెలిసేది కాదు.

అన్నిటికంటే మండేది ఇంకొకటుంది. డొరీన్ గుమ్మడికాయలు ముప్ఫైకి ముప్ఫై తిన్నగా రోడ్డువైపే చూసేవి. ఒక్కటంటే ఒక్కటి ఇంచు కదిలేది కాదు. "బంగారంలాంటి మనిషి, ఎవరిమీదా కుళ్ళు లేదు" అని ఊరు ఊరంతా అనేది. పాస్టర్ గ్లెన్ ఒకసారి ప్రసంగంలోనే అనేశాడు. ఆ రోజు వెల్మా కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్నట్టు కూర్చుంది గానీ ఆమె చేస్తున్నది ప్రార్థన కాదు.

పెళ్ళయిన కొత్తలో వెల్మా కూడా హాలోవీన్‌కి వరండా లైటు వేసింది. మా దగ్గర లైటు వెలుగుతుంటే రండి అని అర్థం, ఆర్పి ఉంటే రావద్దని అర్థం. మూడేళ్ళ పిల్లకి కూడా తెలుసు. వచ్చిన పిల్లలకి ఆమె మిఠాయి బదులు యేసు రక్షిస్తాడనే కరపత్రాలు పంచింది. మర్నాడు పొద్దున అవన్నీ రోడ్డు పక్క కాలవలో తేలుతున్నాయి. ఆ తర్వాత నలభై ఏళ్ళలో ఆ సాయంత్రం ఆ లైటు వెలగలేదు. సైరన్ మోగగానే ఇంట్లో దీపాలన్నీ ఆర్పేసి, బయటికి కనిపించకుండా వెనకగదిలో నేలమీద పడుకునేవాళ్ళు. పిల్లలు మాత్రం ఆ ఇంటిని కాగితాల ఇల్లు అనడం మానలేదు.

ఈ ఏడు వెల్మా ఇంట్లో టెస్ ఉంది. ఏడేళ్ళ మనవరాలు. కూతురు నయోమి జిల్లా ఆసుపత్రిలో నర్సు. వారానికి నాలుగు రోజులు పొద్దున ఏడు నుంచి రాత్రి ఏడు దాకా డ్యూటీ. ఆ రోజుల్లో టెస్ అమ్మమ్మ దగ్గరే ఉండి, అక్కడే పడుకుని, అక్కడి నుంచే స్కూలుకి పోతుంది. నయోమి పదిహేనేళ్ళుగా పండక్కొచ్చినా పూట ఉండి వెళ్ళిపోయే మనిషి. అలాంటిది పిల్లని తెచ్చి వదిలినప్పుడు వెల్మా మేడమీద గదికి కొత్త కర్టెన్లు కుట్టింది.

కానీ స్కూలు బస్సు దిగగానే టెస్ ముందు ఎదురింటికి పోయేది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. వెల్మా వెన్న బిస్కట్లు చేసిపెట్టి కిటికీ దగ్గర నిలబడేది. అటువైపు పిల్ల నవ్వు వినబడేది. తన బిస్కట్లు చల్లారిపోయేవి.

"అమ్మమ్మా, హాలోవీన్‌కి నేను తొమ్మిదో నంబరు బస్సు వేషం వేస్తా. డొరీన్ అట్టపెట్టెలు దాచిపెట్టింది," అంది టెస్ ఒకరోజు.

వెల్మా బంగాళాదుంపలు చెక్కుతోంది. కత్తి ఆగింది.

"శనివారం మన చర్చిలో పంటల విందు ఉందిగా. దానికి బైబిల్లో వాళ్ళ వేషం వెయ్యాలి తల్లీ. ఎస్తేరు రాణివి అవ్వు, కిరీటం చేసిపెడతా."

"బైబిల్లో బస్సు లేదా?"

"లేదు."

"మరి అంతమంది ఎలా వెళ్ళేవాళ్ళు?"

"నడిచేవాళ్ళు. అడవిలో నలభై ఏళ్ళు నడిచారు."

టెస్ ఒక బంగాళాదుంప తొక్క వేలికి చుట్టుకుంది. "డొరీన్ నడిపితే మధ్యాహ్నానికి దింపేసేది."

ఆ సాయంత్రం నయోమి ఫోన్ చేసింది. పిల్ల తిందా, స్నానం చేసిందా అన్నీ అడిగి, చివరికి అసలు మాటకొచ్చింది.

"అమ్మా, గురువారం హాలోవీన్. నాకు డ్యూటీ ఉంది."

"తెలుసు. పిల్ల నా దగ్గర ఉంటుందిగా."

"అదే నా భయం. ఒక మాట చెబుతా, కోపం తెచ్చుకోకు. ఆదివారం మేమే లోకానికి వెలుగని పాడించేదానివి. ఆ సాయంత్రం మాత్రం దీపాలన్నీ ఆర్పి నన్ను నేలమీద పడుకోబెట్టేదానివి. బయట మెట్లమీద పిల్లల నవ్వులు వినిపించేవి. నేనేం తప్పు చేశాను, ఎందుకు దాక్కుంటున్నాం అనుకునేదాన్ని. పదేళ్ళు అలాగే అనుకున్నా."

"మంచికే చేశాను నయోమీ."

"కాదనను. నా కూతురికి మాత్రం చెయ్యకు. టెస్‌ని చీకట్లో కూర్చోబెట్టావని తెలిస్తే శుక్రవారం నుంచి ఆసుపత్రి పక్కనున్న పిల్లల కేంద్రంలో వేస్తా. మళ్ళీ అడగొద్దు."

వెల్మా ఫోన్ పెట్టేసి చాలాసేపు వంటగదిలో నిలబడింది. పిల్ల పోతే మేడమీద గది మళ్ళీ ఖాళీ. నయోమి కారు ఇంటి ముందు ఆగదు. పోనీ పిల్లని ఎదురింటికి పంపేద్దామంటే, అది చచ్చినా మనసొప్పదు. సైరన్ మోగే వేళకి తన మనవరాలు డొరీన్ పక్కన నిలబడి చాక్లెట్లు పంచుతుంటే ఊరంతా చూడాలా?

దేవుడి సంగతి కూడా ఆలోచించింది. దయ్యాల పండుగకి దీపం పెట్టడం తప్పా, పిల్లల ముఖంమీద దీపం ఆర్పడం తప్పా? బైబిలు తెరిచి చూసింది, మూసింది. నిజం చెప్పాలంటే ఆమె మనసు మార్చింది వాక్యం కాదు, కూతురి మాట సగం, కడుపుమంట సగం. ప్రభువు చేతికి ఏ పనిముట్టు దొరికితే దానితోనే పని చేస్తాడని మా నాన్న అనేవాడు.

మర్నాడు బజారుకి పోయి పెద్ద చాక్లెట్ బార్లు పెట్టెలకి పెట్టెలు బండిలో వేసుకుంది. డొరీన్ ఒకటి పెడితే తను రెండు పెడుతుంది. పాస్టర్ భార్య ఎదురుపడి, "ఇన్ని చాక్లెట్లు ఎవరికి వెల్మా?" అంది.

"ఉడతలకి," అంది వెల్మా, బండి తోసుకుంటూ.

బుధవారం మధ్యాహ్నం డొరీన్ స్వయంగా రోడ్డు దాటి వచ్చింది. చంకలో పసుప్పచ్చ రంగేసిన అట్ట బస్సు. భుజాలకి తగిలించుకోడానికి పట్టీలు, ముందు రెండు లైట్లు, పక్కన తొమ్మిది అంకె.

"ఇదిగో, నీ మనవరాలి బస్సు."

"నా మనవరాలేనని గుర్తుందే నీకు."

"మర్చిపోనిస్తేగా తల్లీ. నీ గుమ్మడికాయ రోజూ గుర్తుచేస్తూనే ఉంది."

వెల్మా ముఖం కందగడ్డయింది. "అది గాలికి తిరుగుతోంది."

"అవునవును. మా ఇంటివైపే వీచే గాలి." డొరీన్ నవ్వబోయి ఆగింది. లోపల కుర్చీమీద టెస్ స్వెట్టరు, మెట్లకింద టెస్ బూట్లు, గోడకి టెస్ గీసిన బొమ్మ, అన్నీ ఒకసారి చూసింది. బస్సు గుమ్మానికి ఆనించి వెళ్ళిపోయింది.

వెల్మా ఆ బస్సుని పొయ్యిలో పెట్టేద్దామా అనుకుంది. పట్టీల కుట్టు చూసింది. పిల్ల మెడ ఒరుసుకోకుండా లోపల మెత్తటి గుడ్డ పెట్టి కుట్టింది ముసలిది. వెల్మా రంగుల డబ్బా తీసి, బస్సు కిటికీల్లో ఒక్కొక్క జంతువునీ వెయ్యడం మొదలుపెట్టింది. జిరాఫీలు రెండు, ఏనుగులు రెండు, పందులు రెండు. డ్రైవరు సీట్లో గడ్డమున్న నోవహు, ప్రళయంలో జంతువుల్ని జంటలుగా ఓడెక్కించినవాడు. టెస్ స్కూలు నుంచి వచ్చి చూసి కేక పెట్టింది.

"అమ్మమ్మా, బైబిల్లో బస్సు దొరికిందా!"

"ఓడ అది. కాకపోతే చక్రాలున్నాయి."

గురువారం ఆరింటికి సైరన్ మోగింది. టెస్ ఓడ తగిలించుకుని, వీధి పిల్లలతో కలిసి పాస్టర్ భార్య వెంట ఇల్లిల్లూ తిరగడానికి వెళ్ళింది. వెల్మా వరండాలోకొచ్చి స్విచ్ వేసింది. లైటు వెలిగింది. కుర్చీ వేసుకుని, రొట్టెపిండి కలిపే పెద్ద గిన్నెనిండా చాక్లెట్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పెళ్ళిచూపుల్లో కూర్చున్న పిల్లదానిలా జుట్టు సర్దుకుంది.

ఎవరూ రాలేదు.

మంత్రగత్తెలు, సముద్రపు దొంగలు, తోకలున్న డైనోసార్లు, అందరూ గేటు ముందునుంచే పోతున్నారు. ఒక బుడ్డ దయ్యం మెట్లవైపు అడుగు వేస్తే వాళ్ళక్క చెయ్యి పట్టి లాగింది. "అటు కాదురా. అది కాగితాల ఇల్లు."

ఆరున్నరకి హార్డ్‌వేర్ వాల్ట్ కొడుకు చంటిదాన్ని ఎత్తుకుని మెట్లెక్కాడు. వెల్మా గిన్నె పట్టుకుని గబుక్కున లేచింది.

"వెల్మా గారూ, మీ వరండా లైటు వెలుగుతూనే ఉంది. మర్చిపోయారేమో. ఆర్పెయ్యమంటారా?" అన్నాడు మర్యాదగా.

ఆమె గిన్నె మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "ఉండనీ," అంది చివరికి. అతను టోపీ తాకి వెళ్ళిపోయాడు. చంటిది మాత్రం గిన్నెవైపే చూస్తూ పోయింది.

ఎదురింట్లో జాతరలా ఉంది. డొరీన్ ఈ ఏడు ఎర్రటి ఎనిమిది పలకల అట్ట తగిలించుకుని, రోడ్డుమీద బండ్లని ఆగమని చెప్పే గుర్తు వేషం వేసింది. పిల్లలు ఆమె చుట్టూ మూగి అరుస్తున్నారు. వెల్మా చూసింది, చూడకూడదనుకుంది, మళ్ళీ చూసింది. ఆమెకి ఏడుపొచ్చింది. జాలితో వచ్చే ఏడుపు కాదు, అక్కసుతో వచ్చేది. నలభై ఏళ్ళు మంచిగా ఉన్నదాన్ని నేను, పిల్లలు మాత్రం దాని చుట్టూ.

ఏడు కావస్తుండగా టెస్ తిరిగొచ్చింది. ఓడ ఒక పక్క నలిగింది, ఒక పంది ఊడిపోయింది. పిల్ల గిన్నెలోకి తొంగి చూసింది.

"ఎవరూ రాలేదా అమ్మమ్మా?"

"నువ్వొచ్చావుగా."

టెస్ ఆమె ముఖంలోకి చూసింది. మెట్లు దిగి, అటూ ఇటూ చూసుకుని, తిన్నగా డొరీన్ దగ్గరికి పోయింది. వెల్మాకి చివరి ఆశ కూడా పోయింది. ఇప్పుడు కూడా అక్కడికే.

పిల్ల డొరీన్ చెవిలో ఏదో చెప్పింది. డొరీన్ తలెత్తి, రోడ్డు ఇవతల లైటు కింద గిన్నె పట్టుకుని కూర్చున్న మనిషిని చూసింది. ఇంట్లోకి వెళ్ళి స్క్రూడ్రైవరు తెచ్చుకుంది. ఎర్ర అట్ట తీసి పక్కన పడేసి, వాతపు మోకాళ్ళమీద మెట్ల ముందు కూలబడింది. మెట్ల చెక్కల కిందకి చెయ్యి పోనిచ్చి ఒక్కొక్క స్క్రూ ఊడదీయడం మొదలుపెట్టింది. ఒక్కో గుమ్మడికాయకి ఒక్కో స్క్రూ. ఇన్నేళ్ళూ అవి కదలకపోవడానికి కారణం అదే.

మొదటి కాయ స్క్రూ ఊడగానే అది గిర్రున తిరిగి వెల్మా ఇంటివైపు చూసింది. తర్వాత రెండోది, మూడోది. పళ్ళికిలించేది, బుగ్గలు పూరించేది, ఒంటికన్నుది. లోపల కొవ్వొత్తులు వెలుగుతుండగా ముప్ఫై ముఖాలు ఒకదాని తర్వాత ఒకటి వెల్మా వరండామీద నిలిచాయి.

వీధిలో పెద్దవాళ్ళ మాటలు ఆగిపోయాయి. గుమ్మడికాయ చూపుకి అర్థం అందరికీ తెలుసు. బంగారంలాంటి డొరీన్ కప్ కుళ్ళుకునేది ఎవరిని చూసో, ఎంత కుళ్ళో, ముప్ఫై దీపాలు పెట్టి మరీ ఊరికి చెప్పుకున్నట్టయింది. వాల్ట్ కొడుకు టోపీ సర్దుకున్నాడు.

పిల్లలకి ఈ లెక్కలేవీ పట్టవు. డొరీన్ గుమ్మడికాయలు అటు చూస్తున్నాయంటే అటే పోవాలి. బుడ్డ దయ్యం అక్క చెయ్యి విడిపించుకుని ముందు పరిగెత్తింది. దాని వెనక మంత్రగత్తెలు, వాళ్ళ వెనక డైనోసార్లు.

"పెడతారా, పేచీ పెట్టమంటారా!"

"పెడతా, పెడతా, తోసుకోకండి," అంది వెల్మా. ఒక్కొక్కళ్ళకీ రెండేసి పెట్టింది. "రెండా!" అని ఎవడో అరిచాడు. ఆ అరుపు ఎదురింటికి వినబడిందా లేదా అని వెల్మా ఓరకంట చూసుకుంది. అబద్ధమెందుకు, చూసుకుంది.

జనం పలచబడ్డాక డొరీన్ కుంటుకుంటూ వచ్చి మెట్టుమీద కూర్చుంది.

"ఎప్పటినుంచి?" అంది వెల్మా.

"నయోమి బళ్ళో చేరినప్పటినుంచి. పొద్దున్నే దాని జడలు అల్లి నా బస్సెక్కించేదానివి గుర్తుందా? సాయంత్రం మళ్ళీ నీ గుమ్మంలోనే దింపాలి." డొరీన్ మోకాలు రాసుకుంది. "అందరి పిల్లల్నీ ఎవరి గుమ్మంలో వాళ్ళకి దింపేసి, ఖాళీ బస్సు తోలుకుని పోయేదాన్ని."

"ఊరి పిల్లలంతా నీ మెట్లమీదే ఉంటారు కదే!"

"రెండు గంటలు వెల్మా. ఎనిమిదింటికి మళ్ళీ సైరన్ మోగితే ఎవరింటికి వాళ్ళు పోతారు. నీ ఇంటికి వచ్చిన పిల్ల ఇక్కడే పడుకుని, పొద్దున్నే లేచి పాలు తాగుతుంది. బూట్లు మెట్లకింద వదుల్తుంది."

వెల్మా గిన్నెలోంచి రెండు బార్లు తీసి డొరీన్ చేతిలో పెట్టింది.

ఎనిమిదికి ఇంకా పది నిమిషాలుందనగా నయోమి కారు వచ్చి ఆగింది. నర్సు దుస్తుల్లోనే దిగింది. గేటు దగ్గర ఆగిపోయి వరండా లైటుని చూసింది. ఆ సాయంత్రం ఆ లైటు వెలగడం ఆమె పుట్టాక ఇదే మొదలు. కుర్చీ, ఒళ్ళో గిన్నె, పక్కన డొరీన్, మెట్టుమీద నలిగిన ఓడ, అందులోంచి తల బయటపెట్టి తన కూతురు. నయోమి మెల్లిగా మెట్లెక్కి తల్లి ముందు నిలబడింది. రెండు చేతులూ దోసిలి పట్టింది.

"పెడతావా," అంది. సగంలో ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది. "పెడతావా, పేచీ పెట్టమంటావా?"

గిన్నె అడుగున ఒక్కటే మిగిలింది. వెల్మా దాన్ని కూతురి దోసిట్లో పెట్టి, ఆ చేతుల్ని తన చేతులతో మూసింది.

"పెడతా తల్లీ," అంది.

మర్నాడు పొద్దున్న వెల్మా కాఫీ కప్పుతో, మొగుడి బూట్లతో వరండాలోకి వచ్చింది. లోపల నయోమి సోఫామీద నిద్రపోతోంది. పిల్లల కేంద్రం మాట ఆమె ఎత్తలేదు, తర్వాతా ఎత్తలేదు. టెస్ పాలు తాగుతూ కిటికీలోంచి అడిగింది.

"అమ్మమ్మా, మన గుమ్మడికాయ ఎటు చూస్తోంది?"

ఎటు చూస్తుంది, ఎదురింటివైపే. నలభై ఏళ్ళ కుళ్ళు ఒక్క పూటలో పోతుందా? రోడ్డు అవతల డొరీన్ ముప్ఫై గుమ్మడికాయలు మసిపట్టిన ముఖాలతో ఇటే చూస్తున్నాయి. డొరీన్ తన మెట్లమీద కప్పు పట్టుకుని కూర్చుని ఉంది.

వెల్మా అలవాటు కొద్దీ వంగి తొడిమ పట్టుకుంది. కాసేపు అలాగే పట్టుకుంది. తర్వాత కాయమీది మంచు కొంగుతో తుడిచినట్టు స్వెట్టరు చేతితో తుడిచి, వెనక్కి తిప్పకుండానే పక్కన కూర్చుని కాఫీ తాగింది.